నిమిషానికి నలభై అయిదు చుట్లు

మెంఫిస్ నగరంలోని మా ఇంట్లో, నా చదువుల గదిలో, గోడ పొడవునా చేయించిన చెక్క అరల్లో దాదాపు ఆరువందల చిన్న గ్రామఫోను రికార్డులు నిలబెట్టి ఉన్నాయి. ఒక్కొక్కటి ఏడు అంగుళాల వ్యాసం గల నల్లని పలక. వాటి మీద పాడినవారి పేర్లు చదివి వినిపిస్తే, సంగీతంతో మంచి పరిచయం ఉన్న అమెరికన్లు కూడా సగానికి పైగా పేర్లు విననే లేదంటారు. స్వదేశం నుంచి వచ్చిన మా మేనల్లుడు ఒకసారి వాటిని చాలాసేపు పరికించి, "మామయ్యా, ఈ పాటలన్నీ కలిపినా ఒక్క ఫోనులో పడతాయి కదా!" అన్నాడు. పడతాయి. నిజానికి వీటిలో చాలా పాటలు నా ఫోనులోనూ ఉన్నాయి. కాని ఈ పలకల మీద పాటతోపాటు మరికొన్ని సంగతులు కూడా నమోదై ఉన్నాయి. ఆ సంగతులు చెప్పాలంటే ముందుగా రేడియోను గురించి చెప్పవలసి ఉంటుంది. అంతకన్నా ముందు రికార్డును గురించి నాలుగు మాటలు.

ఈ తరం విద్యార్థులు గ్రామఫోను రికార్డును కళ్లారా చూసి ఉండకపోవచ్చు. మన తాతల కాలం నాటి రికార్డులు లక్క కలిపిన ముద్దతో తయారయ్యేవి. నిమిషానికి డెబ్బయి ఎనిమిది చుట్లు తిరిగేవి. చేయి జారితే పెంకులా పగిలిపోయేవి. 1948లో కొలంబియా సంస్థ నిమిషానికి ముప్పయి మూడుంపావుకు కొంచెం పైగా చుట్లు తిరిగే పెద్ద రికార్డును, మరుసటి సంవత్సరం ఆర్.సి.ఏ. విక్టర్ సంస్థ నలభై అయిదు చుట్లు తిరిగే చిన్న రికార్డును విడుదల చేశాయి. చిన్న రికార్డుకు ముందువైపు ఒక పాట, వెనుకవైపు ఒక పాట. ఒక్కొక్కటి ఇంచుమించు మూడు నిమిషాలు. పెద్ద రికార్డు మధ్యతరగతి ఇళ్లలో సోఫాల పక్కన చేరింది. చిన్నది మాత్రం కూలి చేసుకొనేవారి ఇళ్లలోకి, ఫలహారశాలల్లో నాణెం వేస్తే పాడే పెట్టెల్లోకి, అన్నింటికన్నా ముఖ్యంగా రేడియో కేంద్రాలలోకి ప్రవేశించింది. నేను సేకరించినవన్నీ ఆ చిన్నవే. వాటిలోనూ సోల్ అనే సంగీతశాఖకు చెందినవి మాత్రమే.

సోల్ అంటే ఆత్మ. అమెరికాలోని నల్లజాతి ప్రజల చర్చిలలో శతాబ్దానికి పైగా పెరిగిన భక్తిగానం, పొలాలలోనూ కూలిస్థలాలలోనూ పుట్టిన బ్లూస్ అనే విషాదగానం 1950వ దశకంలో ఒకదానితో ఒకటి కలిసినప్పుడు ఈ సంగీతం రూపుదిద్దుకొన్నది. రే చార్లెస్ చర్చి పాటల గమకాలను ప్రేమగీతాలకు తెచ్చి పెట్టాడు. భక్తిగాయకుడిగా పేరు తెచ్చుకొన్న శామ్ కుక్ లౌకికగీతాలు పాడసాగాడు. భగవంతుని పిలిచిన గొంతుతోనే ప్రియురాలిని పిలవడం అపచారమని చర్చి పెద్దలు ఆగ్రహించారు. మన క్షేత్రయ్య దీనికి సరిగ్గా ఎదురుదారిలో నడిచినవాడు కదా! ఆయన నాయిక పలుకులను మువ్వగోపాలుని ముందు నిలబెట్టాడు. వీరు దేవుని ముందు నిలబడి నేర్చుకొన్న పలుకులను నాయిక దగ్గరకు తెచ్చారు. పదం విని పెరిగిన తెలుగువానికి ఈ పాట పరాయిదిగా తోచకపోవడానికి అదొక కారణమని నా అభిప్రాయం. సంగీతశాస్త్రజ్ఞులు అంగీకరిస్తారో లేదో!

నాకు రేడియో అలవాటు మా ఊళ్లోనే అబ్బింది. తెనాలికి ఆరు మైళ్ల దూరంలోని పల్లె మాది. విజయవాడలో ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరులో ప్రారంభమైంది. నేను మరుసటి సంవత్సరం పుట్టాను. మా పంచాయతీ కార్యాలయంలో ఒక రేడియో, బయట వేపచెట్టుకు కట్టిన లౌడుస్పీకరు ఉండేవి. సాయంకాలం గ్రామస్థుల కార్యక్రమంతో మొదలై, వార్తలు, ధరవరలు, నాటకాలు దాకా ఊరంతా ఆ చెట్టు కిందనే వినేది. 1952 ప్రాంతంలో ఆకాశవాణి సినిమా పాటలను దూరం పెట్టినందువల్ల, పాటల కోసం జనం రేడియో సిలోను వైపు ముల్లు తిప్పేవారని మా నాన్నగారు చెప్పేవారు. 1957లో వివిధభారతి వచ్చాక ఆ కరవు తీరింది. ఎక్కడి పాటో గాలిలో వచ్చి మా వేపచెట్టు మీద వాలడం చిన్నతనంలో నాకు గొప్ప వింతగా ఉండేది.

ఇంజనీరింగు పట్టా పుచ్చుకొని పైచదువుల కోసం నేను మెంఫిస్ చేరినది 1971 ఆగస్టులో. మిసిసిపీ నది ఒడ్డున ఉన్న నగరమది. ఉక్కపోత మా కృష్ణాతీరపు వేసవిని గుర్తుచేసేది. ఒంటరితనం భరించలేక మొదటి నెలలోనే పాతసామాన్ల దుకాణంలో ఆరు డాలర్లు పెట్టి చిన్న ట్రాన్సిస్టరు కొన్నాను. ఒక మధ్యాహ్నం ముల్లు తిప్పుతూ ఉంటే ఒక స్త్రీకంఠం ఏవో ప్రకటనలు చదువుతూ వినిపించింది. ఫలానా వీధిలో ఒక పిల్లవాడు తప్పిపోయాడు, ఎర్ర చొక్కా తొడుక్కొన్నాడు. ఫలానా బస్సులో ఒక ముసలాయన కట్టుడుపళ్లు పోగొట్టుకొన్నాడు. ఫలానా చర్చిలో శనివారం చేపల విందు. ఆ వెంటనే పాట. తప్పిపోయిన మేకను గురించి మా పంచాయతీ మైకులో చాటింపు వేసి, ఆ తరువాత పాట పెట్టే పద్ధతి ఇదే! ఆ కేంద్రం పేరు డబ్ల్యు.డి.ఐ.ఏ. ముల్లు 1070 అంకె దగ్గర ఉంది. ఆ రోజు నుంచి దానిని అక్కడి నుంచి కదిలించవలసిన అవసరం పగటిపూట నాకు కలగలేదు.

ఆ కేంద్రం చరిత్రను తరువాత తెలుసుకొన్నాను. 1947లో ఇద్దరు తెల్లజాతి యజమానులు దానిని కేవలం 250 వాట్ల శక్తితో ప్రారంభించారు. అప్పటికే నగరంలో ఉన్న కేంద్రాల పోటీకి తట్టుకోలేక నష్టాలలో మునిగారు. అప్పుడు వారొక సాహసం చేశారు. 1948 అక్టోబరులో నాట్ డి. విలియమ్స్ అనే నల్లజాతి ఉపాధ్యాయుని చేతికి మైకు ఇచ్చారు. ఆయన ఉన్నత పాఠశాలలో చరిత్ర బోధించేవాడు, పత్రికలలో వ్యాసాలు రాసేవాడు. పగలు పాఠాలు చెప్పి, సాయంకాలం పాటలు వినిపించేవాడు. మొదటి రోజున మైకు ముందు కూర్చోగానే చెప్పదలచుకొన్న మాటలన్నీ మరచిపోయి పకపక నవ్వాడట. శ్రోతలకు ఆ నవ్వే నచ్చి, అదే ఆయన కార్యక్రమానికి గుర్తుగా నిలిచిపోయింది. ఏడాది తిరిగేసరికి కేంద్రం కార్యక్రమాలన్నీ నల్లజాతి శ్రోతల కోసమే రూపొందించసాగారు. అమెరికాలో అంతకుముందు ఏ కేంద్రమూ అలా చేయలేదు. 1954లో దాని శక్తి యాభై వేల వాట్లకు పెరిగి, నది వెంబడి ఉన్న పత్తిపొలాల దాకా వినిపించసాగింది. రైలి కింగ్ అనే యువకుడు అక్కడ ఒక టానిక్కు ప్రకటన పాడుతూ జీవనం ప్రారంభించి, శ్రోతలు పెట్టుకొన్న ముద్దుపేరులోని పొడి అక్షరాలతో బి.బి. కింగ్‌గా లోకప్రసిద్ధుడయ్యాడు.

నేను విన్న కాలానికి అక్కడ నాకు అత్యంత ప్రియమైన కంఠం రూఫస్ థామస్‌ది. ఆయన విలియమ్స్ గారికి బడిలో శిష్యుడు. 1963 వరకు పగలు బట్టల కర్మాగారంలో బాయిలరు దగ్గర పనిచేసి, ఆ పని దిగి వచ్చి రేడియోలో కూర్చొనేవాడు. తాను స్వయంగా పేరున్న గాయకుడై ఉండి కూడా ఇతరుల పాటలను అంత మెచ్చుకొంటూ వినిపించడం నేను మరెక్కడా వినలేదు. పాటకు ముందు ఆయన చెప్పే రెండు మాటలు విన్న తరువాత, ఆ పాట బాగుండకపోయినా మనకు బాగున్నట్లే తోచేది. మన హరికథకులలో కొందరికి ఆ విద్య ఉండేది.

సూర్యాస్తమయం తరువాత కథ మారిపోయేది. చట్టం ప్రకారం ఆ కేంద్రం రాత్రిపూట తన శక్తిని అయిదు వేల వాట్లకు తగ్గించుకోవలసి వచ్చేది. భౌతికశాస్త్రం చదివే విద్యార్థులకు దాని కారణం తెలిసే ఉంటుంది. మీడియం వేవ్ తరంగాలను పగటివేళ పీల్చివేసే అయనావరణపు అడుగు పొర రాత్రి కాగానే క్షీణిస్తుంది. అప్పుడు తరంగాలు ఇంకా పైనున్న పొరను తాకి, వంగి, వందల మైళ్ల అవతల నేలకు దిగుతాయి. ఒక కేంద్రం మరొకదానికి అడ్డు రాకుండా చాలావాటి శక్తిని తగ్గిస్తారు. కొన్నింటికి మాత్రం పూర్తిశక్తితో ప్రసారం చేసే అనుమతి ఉంటుంది. అట్లా అనుమతి గలది నాష్‌విల్ నగరంలోని డబ్ల్యు.ఎల్.ఏ.సి. మాకు రెండువందల మైళ్లకు పైగా తూర్పున ఉన్నా రాత్రి పదింటికి పక్క గదిలో ఉన్నట్లు పలికేది. ఒక్కొక్కప్పుడు అలలా పైకి లేచి, మరుక్షణం మరేదో కేంద్రం గురగురలో మునిగిపోయేది.

నాష్‌విల్ కేంద్రంలో రాత్రుళ్లు సోల్ పాటలు వినిపించిన జాన్ రిచ్‌బర్గ్ వంటి వ్యాఖ్యాతలు తెల్లవారు. శ్రోతలు వారిని నల్లవారేననుకొనేవారు. గొంతుకు రంగు లేదు కదా! ఆ కార్యక్రమాలకు డబ్బు ఇచ్చేవి రికార్డుల దుకాణాలే. ఉత్తరంతో డబ్బు పంపితే అయిదారు పాటల కట్ట పోస్టులో ఇంటికి పంపేవి. ఆ పాటల మధ్యలోనే తలనూనె ప్రకటన, పోస్టులో వచ్చే కోడిపిల్లల ప్రకటన! దక్షిణాది పల్లెలలో రికార్డుల దుకాణం మొహం చూడని నల్లజాతి కుటుంబాలు ఈ విధంగానే పాటలు సంపాదించుకొన్నాయి. ఒక కిరోసిను దీపపు ఇంట్లో రేడియో విని, పోస్టు ఆఫీసుకు నడిచి, మూడు వారాలు ఎదురుచూసి తెచ్చుకొన్న రికార్డు ఎంత విలువైనదో ఊహించండి. రిచ్‌బర్గ్ 1973లో విరమించుకొన్నాడు. కేంద్రం ఆ పాటలను మానుకొని ఇతర బాణీలకు మారింది. నాకు రాత్రిళ్లు ఒక్కసారిగా పొడవైపోయాయి.

పగలు విన్న పాటలలో చాలా భాగం మా ఊళ్లోనే తయారయ్యేవని తెలిసినప్పుడు నేను నివ్వెరపోయాను. మెక్‌లెమోర్ వీధిలో మూతపడిన పాత సినిమాహాలును జిమ్ స్టూవర్ట్, ఆయన అక్క ఎస్టెల్ ఆక్స్‌టన్ 1960లో అద్దెకు తీసుకొని స్టాక్స్ సంస్థను నడిపారు. ప్రేక్షకుల కోసం ఏటవాలుగా కట్టిన నేలను అలాగే ఉంచి, దాని మీదే వాద్యాలు పెట్టి రికార్డు చేసేవారు. ముందుభాగంలో ఆక్స్‌టన్ గారి రికార్డుల దుకాణం. కొత్త పాటను ముందుగా అక్కడికి వచ్చే చుట్టుపక్కల పిల్లలకు వినిపించి, వారి పాదాలు కదులుతున్నాయో లేదో చూసి గాని ఆమె అభిప్రాయం చెప్పేవారు కాదు. అక్కడి ముఖ్యవాద్యబృందంలో ఇద్దరు నల్లవారు, ఇద్దరు తెల్లవారు. బయట ఒకే హోటలులో కలిసి కూర్చోవడం కష్టమైన కాలంలో, లోపల వారు ఒకే లయలో కలిసేవారు. బయట వారికి కూర్చొనే చోటు దొరికిన కొద్ది స్థలాలలో లొరైన్ మోటెలు ఒకటి. కొన్ని ప్రసిద్ధగీతాలు ఆ గదులలోనే రాశారు. 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగినది ఆ మోటెలు వసారాలోనే. పారిశుద్ధ్య కార్మికుల సమ్మెకు మద్దతుగా ఆయన మెంఫిస్ వచ్చారు. అంతకు నాలుగు నెలల ముందు, 1967 డిసెంబరు 10న, ఆ సంస్థకు ప్రాణం వంటి గాయకుడు ఓటిస్ రెడింగ్ విమాన ప్రమాదంలో మరణించాడు. అతని వయస్సు ఇరవై ఆరు. ఆ 1968లోనే స్టాక్స్ తన పాత రికార్డుల హక్కులను పంపిణీ సంస్థ అయిన అట్లాంటిక్‌కు కోల్పోయింది. తరువాత కొంతకాలం మళ్లీ వెలిగినా, 1975 డిసెంబరులో అప్పుల భారంతో మూతపడింది. 1989లో ఆ భవనాన్ని పడగొట్టారు. ఆ స్థలంలోనే 2003లో పాతదానిని పోలినట్లు కట్టిన ప్రదర్శనశాల తెరిచారు.

ఇక్కడ నా విషయం ఒకటి చెప్పాలి. 1946 నాటి చట్టం ప్రకారం భారతీయులు అమెరికాలో స్థిరపడడానికి ఏడాదికి వందమందికి మాత్రమే అవకాశం ఉండేది. 1965 అక్టోబరులో వచ్చిన కొత్త చట్టం ఆ జాతిభేదాన్ని తొలగించింది. అంతకుముందు సంవత్సరం పౌరహక్కుల చట్టం, అదే సంవత్సరం ఆగస్టులో ఓటుహక్కు చట్టం వచ్చాయి. ఈ మూడూ ఒకే గాలిలో పుట్టినవి. ఆ గాలిని పుట్టించడానికి దెబ్బలు తిన్నవారు, జైళ్లకు పోయినవారు ఈ పాటలు పాడిన, విన్న జనం. చదువు ముగించి నేను ఇక్కడ ఉద్యోగం సంపాదించి, ఇల్లు కట్టుకోగలిగింది వారు తెరిచిన తలుపులోంచే. మా తెలుగువారి సమావేశాలలో ఈ మాట ఎత్తితే కొందరికి రుచించదు. "మన కష్టంతో మనం పైకి వచ్చాం" అంటారు. కష్టపడిన మాట నిజమే. తలుపు మూసి ఉంటే మన కష్టమంతా వరండాలోనే మిగిలిపోయేది.

అరుదైన రికార్డు అంటే ఏమిటో ఇప్పుడు చెబుతాను. లక్షలాదిగా అమ్ముడుపోయిన ప్రసిద్ధుల పాట ఈనాడు పాతబజారులో రెండు డాలర్లకు దొరుకుతుంది. ఎవరూ కొనని పాటకే వెల ఎక్కువ. 1960లలో దక్షిణాదిలో చిన్నచిన్న రికార్డు సంస్థలు లెక్కకు మించి ఉండేవి. ఒక క్షౌరశాల యజమాని, ఒక మతగురువు, ఒక ఎలక్ట్రికల్ సామాన్ల వర్తకుడు కొంత డబ్బు పోగుచేసి ఒక రికార్డు వేయించేవారు. అయిదువందలో వెయ్యో ప్రతులు. కారు డిక్కీలో వేసుకొని రేడియో కేంద్రాల చుట్టూ తిరిగేవారు. వ్యాఖ్యాత ఆ పాటను వినిపిస్తే అమ్ముడుపోయేది. లేకపోతే మిగిలిన ప్రతులు ఎవరి షెడ్డులోనో ఎండకు వంగిపోయేవి, వరదకు తడిసిపోయేవి. పాట బాగుండకపోవడం అన్నిసార్లూ కారణం కాదు. ఆ వారం మరో పాట ముందు వచ్చి ఉండవచ్చు. అమ్మేవాడి కారు చెడిపోయి ఉండవచ్చు.

ఈ మరచిపోయిన పాటలకు ప్రాణం పోసినది ఎవరనుకొంటారు? ఇంగ్లండు ఉత్తరభాగంలోని కర్మాగారాల యువకులు! అక్కడి విగన్ పట్టణంలో 1973 నుంచి 1981 వరకు ఒక నాట్యశాలలో శనివారం అర్ధరాత్రి దాటాక మొదలై ఆదివారం ఉదయం ఎనిమిదింటి దాకా ఈ పాటలకు నాట్యం చేసేవారు. అక్కడ మద్యం లేదు. వేగమైన, ఎవరూ వినని అమెరికన్ సోల్ పాట ఎవరి దగ్గర ఉంటే వారు గొప్ప. తమ రికార్డు ఏదో పోటీదారులకు తెలియకుండా లేబులు మీద తెల్లకాగితం అంటించి, గాయకునికి దొంగపేరు పెట్టి వినిపించేవారు. ఫ్రాంక్ విల్సన్ 1965లో మోటౌన్ సంస్థకు పాడిన ఒక పాట ప్రతులు విడుదలకు ముందే నాశనం కాగా, మిగిలిన బహుకొద్ది ప్రతులలో ఒకటి 2009లో పాతికవేల పౌన్లకు పైగా పలికింది. 2020లో లక్ష పౌన్లకు అమ్ముడుపోయింది. నాకు ఇవన్నీ చెప్పినవాడు 1978లో మెంఫిస్‌లోని ఒక పాతసామాన్ల దుకాణంలో పరిచయమైన ఆంగ్లేయ యువకుడు. మోకాళ్ల మీద కూర్చొని, చేతులు మసి చేసుకొంటూ, బియ్యంలో రాళ్లు ఏరినట్లు రికార్డులు ఏరుతున్నాడు. "మీ ఊరివాళ్లకు మీ ఊరి పాట తెలియదండీ" అన్నాడు నాతో, నన్ను మెంఫిస్ వాడిగా భావించి. నాకు ఎంత సంతోషం కలిగిందో!

అప్పటి నుంచి నేనూ ఏరడం ప్రారంభించాను. అయితే నా అభిరుచి వేరు. సేకర్తలు సాధారణంగా గీత పడని ప్రతి కోసం వెదుకుతారు. నేను రేడియో కేంద్రాలలో అరిగిన ప్రతుల కోసం వెదుకుతాను. వ్యాఖ్యాత ఒక పాట నడుస్తుండగానే తరువాతి రికార్డు మీద ముల్లు పెట్టి, పాట మొదలయ్యే చోటును చేత్తో ముందుకూ వెనుకకూ తిప్పి చూసుకొనేవాడు. మీట నొక్కగానే క్షణం ఆలస్యం లేకుండా పాట అందుకోవాలి కదా! అలా తిప్పడం వల్ల, ముఖ్యంగా చవకరకం ప్లాస్టిక్కుతో చేసిన ప్రతులలో, మొదటి గాడి అరిగి, పాట ఆరంభంలో రెండు మూడు సెకన్లపాటు నూనెలో ఆవాలు వేసినట్లు చిటపట వినిపిస్తుంది. ఎక్కువసార్లు వినిపించిన పాటకు ఎక్కువ చిటపట. సేకర్తలు దానిని లోపమంటారు. అటువంటి ప్రతికి సగం వెల కూడా ఇవ్వరు. నా వరకు అది సాక్షి సంతకం వంటిది. ఇంకా, లేబులు మీద కేంద్రం ముద్ర, తేదీ, వ్యాఖ్యాత చేతిరాత ఉంటాయి. పాడడం మొదలయ్యేలోగా వాద్యం ఎన్ని సెకన్లు నడుస్తుందో ఒక అంకె వేసుకొంటారు. ఆ లోపల తాను మాట్లాడి ముగించవచ్చునన్నమాట. కేంద్రాలు రికార్డులకు స్వస్తి చెప్పి కొత్త పద్ధతులకు మారినప్పుడు వీటిని పెట్టెలకొద్దీ పారవేశాయి. నేను కొన్ని పెట్టెలు కొన్నాను.

అటువంటి ఒక పెట్టెలో, 1990లో, ఒక స్త్రీ పాడిన రికార్డు దొరికింది. 1966లో ఒక చిన్న సంస్థ వేసినది. పేరు నేనెన్నడూ వినలేదు. చర్చి పాటలు పాడి పండిన గొంతు. ఆ పాట నన్ను కొన్ని రాత్రులు నిద్రపోనివ్వలేదు. ఆమెను వెదకడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. చివరకు తెలిసినదేమంటే, మా ఇంటికి ఏడు మైళ్ల దూరంలో ఉన్నదామె. బడి వంటశాలలో పనిచేసి విరమించింది. ఆదివారాలు చర్చిలో పాడుతుంది. నేను రికార్డు, చిన్న రికార్డు ప్లేయరు పట్టుకొని వెళ్లాను.

వసారాలో కూర్చోబెట్టి చల్లని తేనీరు ఇచ్చింది. ఆమె దగ్గర తన రికార్డు ఒక్కటి కూడా లేదు. ఇల్లు మారినప్పుడు పోయిందట. "రేడియోలో రెండుసార్లే వచ్చింది తమ్ముడూ. ఒకసారి మా నాన్న కారులో కూర్చొని విన్నాను. రెండోసారి పక్కింటివాళ్లు విన్నామన్నారు. ఆ తరువాత ఎవరూ మాట్లాడలేదు. బాగాలేదు కాబోలు అనుకొన్నాను" అన్నది. చర్చిలో పెద్దలు కొందరు ఆ పాట పాడినందుకు ఆరు నెలలు ఆమెను బృందం ముందువరుసలో నిలబడనివ్వలేదట.

నేను ముల్లు పెట్టాను. చిటపట. "ఇదేమిటి?" అన్నది. వివరించాను. ఇంతగా అరగాలంటే రెండుసార్లు కాదమ్మా, ఎన్నో పదులసార్లు వినిపించి ఉంటారన్నాను. లేబులు మీద నీలిసిరాతో రాసిన పదమూడు అనే అంకె చూపించాను. ఆమె కళ్లద్దాలు తెచ్చుకొని దానిని దీర్ఘంగా చూసింది. మళ్లీ మొదటి నుంచి పెట్టమని, వాచీ చేత్తో పట్టుకొని, తన గొంతు అందుకొనేదాకా పైకి లెక్కపెట్టింది. సరిగ్గా పదమూడు. "ఎవరో కూర్చొని లెక్కపెట్టారన్నమాట" అని, కాసేపటికి, "డ్రమ్ము వాయించినవాడు తొందరపడ్డాడు. ఆ రోజు కూడా చెప్పాను" అన్నది.

వెళ్లబోతుండగా అడిగింది, "ఇప్పుడు దీనికి వెల ఉంటుందా?" అని. ఇంగ్లండులో ఒక వర్తకుడు తొమ్మిదివందల డాలర్లు ఇస్తానన్నాడని చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. "ఆ రోజు స్టూడియోకు పోనూ రానూ బస్సు ఛార్జీ నేనే పెట్టుకొన్నాను తమ్ముడూ" అన్నది. ఆమెకు ఆ పాట వల్ల ఒక్క డాలరైనా రాలేదు. రేడియోలో ఎన్ని పదులసార్లు వినిపించినా రాదు. అమెరికా చట్టం ప్రకారం సాధారణ రేడియో కేంద్రం పాట రాసినవారికి రుసుము చెల్లించాలి, పాడినవారికి చెల్లించనక్కరలేదు. పాడినవారికి ప్రచారమే ప్రతిఫలమని కేంద్రాల వాదన. పాటల మీద ప్రకటనలు అమ్ముకొన్నవారి నోట వినవలసిన వాదన కాదది.

రికార్డు ఆమె చేతిలో పెట్టి వచ్చాను. ఇంట్లో అందరూ మెచ్చుకొన్నారు. నాకు మాత్రం నెలరోజులు ఆ అర వైపు చూడబుద్ధి కాలేదు. సేకర్త బుద్ధి అటువంటిది. ఆ చలికాలంలో ఆమె నాకు ఫోను చేసి వర్తకుని చిరునామా అడిగింది. ఇచ్చాను. వచ్చిన డబ్బుతో ఇంటి పైకప్పు ఒకవైపు బాగుచేయించుకొన్నదట. మనమలు వినడానికి ముందే ఒక క్యాసెట్టు మీద పాటను ఎక్కించి ఇచ్చాను. ఆమె కోరినందువల్ల మొదటి చిటపటను తీసివేయకుండా అలాగే ఉంచాను. ఆ రికార్డు ఇప్పుడు ఇంగ్లండులో ఎవరి ఇంట్లో ఉన్నదో! వారు దానిని లోపం గల ప్రతిగా లెక్కకట్టి ఉంటారు.

నా వయస్సు డెబ్బయి అయిదు దాటింది. ఈ అరలను ఏం చేయాలన్న ప్రశ్న ఇంట్లో అప్పుడప్పుడూ వస్తుంటుంది. స్థానిక విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి ఇవ్వాలని నా కోరిక. అమ్మి, వచ్చినదాన్ని ఇక్కడి పిల్లల సంగీత పాఠశాలకు ఇవ్వాలని మా అమ్మాయి వాదన. ఇంకా తేలలేదు. ఈలోగా నేను వెదకడం మానలేదు. 1972 చలికాలంలో, ఒక అర్ధరాత్రి, నాష్‌విల్ కేంద్రంలో ఒక పాట విన్నాను. ఆర్గను మీద నాలుగు స్వరాలతో మొదలవుతుంది. స్త్రీకంఠం. రెండో చరణం మధ్యలో వాద్యాలన్నీ ఆగిపోయి, ఆమె ఒక్కతే రెండు పంక్తులు పాడుతుంది. పాట ముగిశాక వ్యాఖ్యాత ఆమె పేరు చెబుతుండగా మరేదో కేంద్రం అలలా వచ్చి మీద పడింది. పేరులో మొదటి అక్షరం మాత్రమే వినిపించింది, "డ" అనో "ద" అనో. గత శనివారం కూడా ఒక చర్చి అమ్మకంలో పదకొండు రికార్డులు తెచ్చాను. ఏడు విన్నాను. ఇంకా నాలుగు ఉన్నాయి.